ప్రైమర్ పేలింది, మందు అంటుకోలేదు: మజిల్‌లోడర్ వెనుక భాగంలో వచ్చే చిక్కులు

మజిల్‌లోడర్, అంటే మూతి నుంచి మందూ తూటా కూరే తుపాకి, ట్రిగ్గర్ నొక్కితే 'టప్' మని ఒక్క చిన్న చప్పుడు. బ్యారెల్‌లో తుపాకి మందు అలాగే ఉంది, తూటా కదల్లేదు. ఇలా జరిగినవాళ్లు ముందుగా తిట్టేది ప్రైమర్‌నే, అంటే దెబ్బ తగలగానే పేలి మందుకు నిప్పందించే చిన్న లోహపు మూతనే. మర్నాడు దుకాణానికెళ్లి ఇంకాస్త ఘాటు ప్రైమర్ల పెట్టె కొనుక్కొస్తారు. చాలాసార్లు దానివల్ల ఉన్న తంటా తీరకపోగా కొత్తది మొదలవుతుంది. మంట ముందుకు పోయే దారీ, వాయువు వెనక్కి రాకుండా ఆపే అడ్డూ రెండూ బ్యారెల్ వెనుక భాగాన్ని మూసే బ్రీచ్ ప్లగ్ అనే వేలెడంత ఉక్కు ముక్కలోనే ఉన్నాయి. దారి మూసుకుందా, అడ్డు సడలిందా అన్నది తేల్చుకోకుండా విడిభాగాలు మార్చుకుంటూ పోతే డబ్బు దండగ. తేల్చుకోవడానికి కావలసిన ఆధారం మాత్రం మనం విసిరి పారేసే పేలిన ప్రైమర్ మీదే ఉంటుంది.

ఇది అమెరికాలో జింకల సీజన్‌కు వాడే ఇన్‌లైన్ మజిల్‌లోడర్ల సంగతి. అక్కడ స్థిరపడి వేట లైసెన్సు తీసుకున్న తెలుగువాళ్లకు పనికొచ్చేది. మన దేశంలో వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద వేట నేరం. 1959 ఆయుధాల చట్టంలో పంట కాపలా కోసం మూతి నుంచి మందు కూరే తుపాకికి లైసెన్సు మాట ఉంది గానీ, ఆ పాతకాలపు తుపాకుల నిర్మాణం వేరు. ఇక్కడి సలహాలు వాటికి అతకవు.

పాత తుపాకుల్లో నిప్పు పక్కనుంచి వచ్చేది. బ్యారెల్ పక్కన నిపుల్ అనే చిన్న గొట్టం, దాని మీద దెబ్బకు పేలే క్యాప్, మంట ఒక మలుపు తిరిగి మందును చేరాలి. 1985లో టోనీ నైట్ తెచ్చిన ఎంకే-85 రైఫిల్‌తో నిప్పును మందుకు సరిగ్గా వెనక, ఒకే వరుసలో పెట్టే ఇన్‌లైన్ పద్ధతికి అమెరికాలో గిరాకీ పెరిగింది. ఆ తర్వాత క్యాప్ స్థానంలోకి షాట్‌గన్ తూటాల్లో వాడే 209 ప్రైమర్ వచ్చింది. ఇప్పుడు బ్యారెల్ వెనుక భాగాన్ని మరలతో బిగించిన బ్రీచ్ ప్లగ్ మూస్తుంది. దాని వెనుక ప్రైమర్ కూర్చునే గుంత, మధ్యలో సన్నటి ఫ్లాష్ హోల్. ముందువైపు, ప్లగ్ రకాన్ని బట్టి, కాస్త వెడల్పైన మంట గొట్టం ఉంటుంది.

చాలామంది గమనించని విషయం ఒకటుంది. షాట్‌గన్ తూటాలో 209 ప్రైమర్‌ను ఫ్యాక్టరీలో యంత్రంతో నొక్కి బిగిస్తారు. అంచుల నుంచి వాయువు జారే సందే ఉండదు. మజిల్‌లోడర్‌లో అదే ప్రైమర్‌ను వేళ్లతో పెట్టి వేళ్లతో తీయాలి కాబట్టి గుంత కొంచెం వదులుగానే ఉండాలి. బ్యారెల్‌లో మందు పేలగానే ఆ ఒత్తిడిలో కొంత ఫ్లాష్ హోల్ గుండా వెనక్కి తిరిగి ప్రైమర్‌ను బయటికి నెడుతుంది. అప్పుడు దాన్ని పట్టి ఉంచేది బోల్ట్ ముఖం, లేదా నడుమ మడిచి తెరిచే తుపాకుల్లో బ్రీచ్ ముఖం. ఆ ముఖానికీ ప్రైమర్ అడుగుకూ మధ్య ఖాళీ ఎంతుంది అన్నదే హెడ్‌స్పేస్. చాలా సమస్యలకు మూలం అక్కడే.

పేలిన ప్రైమర్‌ను వెలుతురులో తిప్పి చూడండి. పక్కలు శుభ్రంగా ఉండి, మూతి దగ్గర మాత్రమే నల్లబడితే అడ్డు బాగానే పనిచేస్తోంది. పక్కల పొడుగునా మసి చారలు వెనుక అంచు దాకా పాకితే వాయువు జారుతోంది. బ్రీచ్ ముఖం మీద నల్లటి వలయం, గురి చూసే స్కోప్ కింద బూడిద పొర కనిపిస్తే అనుమానమే అక్కర్లేదు. ఆ బూడిద ఊరికే మురికి కాదు, చెమ్మ పీల్చే లవణాలు. వారం రోజులు అలా వదిలేస్తే స్కోప్ పూత మీద, ఉక్కు మీద మచ్చలు పడతాయి. ప్రైమర్‌ను కొట్టే ఫైరింగ్ పిన్ గుర్తు చుట్టూ లోహం గట్టులా లేచినా, గుర్తు మధ్యలో చిల్లు పడినా, అడుగు ఉబ్బినా వెనక్కి వచ్చే ఒత్తిడి మితిమీరిందని అర్థం. ఆ తుపాకిని ఆ రోజుకు పక్కన పెట్టాలి.

వాయువు జారడానికి మూడు కారణాలు చూస్తాం. మొదటిది మసి. గుంత అడుగున కార్బన్ గట్టిపడి వలయంగా పేరుకుంటే ప్రైమర్ పూర్తిగా లోపలికి దిగదు. దీనికి ఇంకో గుర్తు కూడా ఉంది: మొదటి దెబ్బకు పేలక రెండో దెబ్బకు పేలడం. మొదటి దెబ్బ బలమంతా ప్రైమర్‌ను లోపలికి నెట్టడానికే ఖర్చయిపోతుంది. గుంతకు సరిపడే కంచు బ్రష్‌ను సాల్వెంట్‌లో ముంచి చేత్తో తిప్పి, దూది పుల్ల తెల్లగా వచ్చేదాకా తుడిస్తే ఇది పోతుంది. డ్రిల్ మెషీన్ వద్దు, గుంత వెడల్పయితే మళ్లీ పూడ్చలేరు.

రెండోది హెడ్‌స్పేస్ వదులుగా ఉండటం. 209 అన్నది ఒక కొలత పేరే అయినా కంపెనీకీ కంపెనీకీ పొడవులో, వెనుక అంచు మందంలో అంగుళంలో వెయ్యోవంతుల తేడాలుంటాయి. మీ తుపాకిలో ఒక కంపెనీ ప్రైమర్ పెట్టి మూస్తే కొద్దిగా ఒరుసుకుంటూ మూసుకుంటుంది, ఇంకొకటి ఏ అడ్డూ లేకుండా పడిపోతుంది. మొదటిదే మీకు కావాల్సింది. అందుకే ఏమీ కొనకముందు రెండు మూడు రకాలను డిజిటల్ కాలిపర్‌తో కొలిచి చూసుకోవాలి. తేడా ఎక్కువుంటే, మీ మోడల్‌కు తయారీదారు సందు పూడ్చే పలుచటి షిమ్‌లు అమ్ముతుంటే అవి వాడొచ్చు. కొన్ని ప్లగ్‌లలో ప్రైమర్ చుట్టూ చిన్న ఓ-రింగ్, అంటే రబ్బరు వలయం, ఉంటుంది. అది మాడి గట్టిపడితే అడ్డు పోయినట్టే, మార్చేయాలి. మరీ బిగుతైనా ముప్పే. బలవంతంగా మూస్తే ప్రైమర్ నలుగుతుంది, హ్యామర్ దెబ్బ సరిగా పడదు. పైగా మూసేటప్పుడే పేలే ప్రమాదం ఉంది.

మూడోది ఫ్లాష్ హోల్ అరుగుదల. కొత్త ప్లగ్‌లలో ఆ రంధ్రం సాధారణంగా 0.028 నుంచి 0.035 అంగుళాల మధ్య ఉంటుంది. ప్రతి పేలుడుకూ వేడి వాయువు దాన్ని కొంచెం కొంచెం కోసుకుంటూ పోతుంది. 0.028 ఉన్నది 0.040కి పెరిగిందనుకోండి, అంకెలో తేడా చిన్నదే, కానీ వైశాల్యం రెట్టింపు. వెనక్కి తన్నే వాయువు ఆ మేరకు పెరుగుతుంది, గురి కూడా చెదురుతుంది. కొలవడానికి ఖరీదైన పరికరం అక్కర్లేదు. నంబర్ డ్రిల్ బిట్లలో 70వది 0.028, 60వది 0.040 అంగుళాలు. 60 నంబర్ బిట్ నున్నటి తోక రంధ్రంలోకి ఇట్టే దూరితే ఆ ప్లగ్ పని అయిపోయింది. బిట్ పదును వైపు ఎప్పుడూ దూర్చకండి. కొలవబోయి రంధ్రాన్ని పెద్దది చేసినవాళ్లవుతారు. వెంట్ లైనర్, అంటే ఆ రంధ్రం ఉండే చిన్న ముక్క, విడిగా ఊడొచ్చే రకాలైతే అదొక్కటే మార్చుకోవచ్చు.

ఇక అసలు పేలకపోవడం. ముందు తుపాకి మూతిని సురక్షితమైన దిక్కుకే ఉంచి కనీసం ఒక నిమిషం కదలకుండా ఆగాలి. మీ మాన్యువల్ ఇంకా ఎక్కువ చెబితే అంతసేపూ ఆగాలి. మందు నెమ్మదిగా రాజుకుని ఆలస్యంగా పేలడం, అంటే హ్యాంగ్‌ఫైర్, ఈ తుపాకుల్లో అరుదేమీ కాదు. మూతిలోకి తొంగి చూసే పని మాత్రం ఎప్పుడూ చేయకూడదు.

నిమిషం గడిచాక ప్రైమర్ తీసి చూస్తే రెండు దారులు. ప్రైమర్ పేలలేదు, గుర్తు పలుచగా పడింది అంటే దెబ్బలో బలం లేదు. ఫైరింగ్ పిన్ దారిలో పాత నూనె జిగురులా గట్టిపడటం దీనికి ముఖ్య కారణం. అక్టోబరులో రేంజ్ మీద బాగా పేలిన తుపాకి డిసెంబరు చలిలో మొరాయించేది ఇందుకే. ఆ భాగాన్ని సాల్వెంట్‌తో కడిగి దాదాపు పొడిగా ఉంచాలి. గుర్తు లోతుగానే పడినా పేలకపోతే అప్పుడు ప్రైమర్‌నే అనుమానించవచ్చు. చెమ్మకు, నూనెకు ప్రైమర్లు చెడతాయి. నూనె అంటిన వేళ్లతో ముట్టుకోకపోవడం మంచిది.

ప్రైమర్ పేలింది, మందు అంటుకోలేదు అంటే మంట దారిలో ఏదో ఉంది, లేదా దారి చివర మందు సరిగా లేదు. దారిని పరీక్షించే సులువైన పద్ధతి ఇది. బ్యారెల్ ఖాళీగా ఉందని ర్యామ్‌రాడ్‌తో, అంటే తూటాను లోపలికి దించే కడ్డీతో, నిర్ధారించుకోండి. ఒక పొడి గుడ్డ ప్యాచ్‌ను అడుగుదాకా దించి రాడ్ తీసేయండి. ఆరుబయట, కళ్లద్దాలూ చెవి రక్షణా పెట్టుకుని, సురక్షితమైన దిక్కుకు ఒక్క ప్రైమర్ పేల్చండి. తర్వాత ప్యాచ్ బయటికి లాగి చూడండి. మధ్యలో గుండ్రంగా నల్లటి కాలిన మచ్చ, ఒక్కోసారి చిల్లు, కనిపిస్తే దారి తెరిచే ఉంది. ప్యాచ్ తెల్లగానో, నూనె మరకతోనో వస్తే లోపం ప్లగ్‌లోనే. శుభ్రం చేశాక మిగిలిన నూనె ఫ్లాష్ హోల్‌లోకి జారి కూర్చోవడం మాటిమాటికీ కనిపించే తప్పు. తుపాకిని మూతి పైకి పెట్టి బీరువాలో నిలబెడితే నూనె మెల్లగా ప్లగ్ మీదికే దిగుతుంది. అందుకే సీజన్‌లో మొదటిసారి మందు కూరే ముందు పొడి ప్యాచ్‌లు రెండు మూడు ఆడించి, ఒకటి రెండు ప్రైమర్లు పేల్చి దారి ఆరబెట్టుకుంటారు. అంతకు మించి పేల్చితే ప్రైమర్ మసే రంధ్రంలో పేరుకుంటుంది.

దారి మూసుకుపోతే ఫ్లాష్ హోల్‌ను దానికంటే సన్నటి తీగతో, రుద్దకుండా పొడిచి తీయాలి. దాని ముందున్న మంట గొట్టంలో కార్బన్ గాజులా గట్టిపడుతుంది, బ్రష్‌కు రాదు. బ్లాక్‌హార్న్ 209 అనే మందు వాడేవాళ్లు చాలా ప్లగ్‌లకు 1/8 అంగుళం డ్రిల్ బిట్‌ను వేళ్లతో తిప్పి దీన్ని గీకేస్తారు. మీ ప్లగ్‌లో గొట్టం అంత వెడల్పు ఉందో లేదో ముందు చూసుకోవాలి. బిట్ లోహాన్ని కాక మసినే తీయాలి. నల్లటి పొడి రాలుతుంటే సరే, మెరిసే తురుము వస్తే వెంటనే ఆపేయాలి.

మందు వైపు తప్పులు చిన్నవిగా కనిపిస్తాయి గానీ ఫలితం ఒకటే. పైరోడెక్స్ అనే మందు గుళికలకు ఒక చివర బ్లాక్ పౌడర్ (పాతకాలపు నల్లటి తుపాకి మందు) పూత ఉంటుంది, అది ప్లగ్ వైపే ఉండాలి. తిరగేసి వేస్తే అంటుకోవడం ఆలస్యమవుతుంది. తూటాను సగంలో వదిలేసి మందుకూ దానికీ మధ్య ఖాళీ ఉంచడం ఇంకా చెడ్డది. అక్కడ నిప్పు ఆరిపోవడం ఒక ముప్పయితే, బ్యారెల్ ఉబ్బడం మరో ముప్పు. నిండు చార్జ్‌తో, అంటే మందూ తూటా కూరాక, ర్యామ్‌రాడ్ ఎంత బయటికి ఉంటుందో గీత పెట్టుకుంటే ఈ గొడవ ఉండదు. అన్నట్టు, కొలరాడో మజిల్‌లోడర్ సీజన్‌లో గుళికలే నిషిద్ధం. రాష్ట్రం మారినప్పుడల్లా నిబంధనలు చదువుకోవాలి.

ఇప్పుడు ఘాటు ప్రైమర్ల సంగతి. ఏ మందుకు ఏ ప్రైమర్ అన్నదే ఇక్కడ ప్రశ్న, ఎంత ఘాటు అన్నది కాదు. ట్రిపుల్ సెవెన్ అనే మందు సులువుగానే అంటుకుంటుంది. దానికి మాగ్నమ్, అంటే ఘాటు రకం, ప్రైమర్ పెడితే తూటా కూర్చునే చోట బ్యారెల్ లోపల గట్టి మసి వలయం పేరుకుని, రెండో తూటా దింపడానికే ప్రాణం పోతుంది. మందు పూర్తిగా అంటుకోకముందే ప్రైమర్ ఊపుకు తూటా కదిలి గురి కూడా చెదరవచ్చు. వించెస్టర్, రెమింగ్టన్ కంపెనీలు మజిల్‌లోడర్ల కోసమే తేలికపాటి 209 ప్రైమర్లు తెచ్చింది ఇందుకే. బ్లాక్‌హార్న్ 209 తీరు దీనికి పూర్తిగా ఎదురు. దానికి ఆ తేలికపాటి రకాలు సరిపోవు. సీసీఐ 209ఎమ్, ఫెడరల్ 209ఏ లాంటివి కావాలి, తూటా కూడా బ్యారెల్‌లో బిగుతుగా కూర్చోవాలి. వదులుగా ఉన్న తూటాతో ఒత్తిడి పెరగక ఆ మందు మండీ మండనట్టుంటుంది. బ్లాక్‌హార్న్‌తో పేలకపోతే ప్రైమర్ కంటే ముందు తూటా బిగువు చూడమని చెప్పేది అందుకే.

కొలత గురించి ఒక హెచ్చరిక. మందు ఎంత పోయాలో చెప్పే 'గ్రెయిన్లు' పరిమాణంలో, అంటే గొట్టం కొలతలో. బ్లాక్‌హార్న్ 100 గ్రెయిన్ల పరిమాణం తూకంలో 70 గ్రెయిన్లే. త్రాసు మీద 100 తూచి పోస్తే మందు మోతాదు దాటిపోయింది. మామూలు రైఫిల్ తూటాల్లోని పొగరాని మందు, దాని కోసమే తయారు చేయని మజిల్‌లోడర్‌లో చిటికెడు కూడా పోయకూడదు. బ్యారెల్ పగులుతుంది.

చివరికి అందరినీ ఏడిపించేది ఊడిరాని ప్లగ్. బ్లాక్ పౌడర్ మండితే బరువులో సగానికి పైగా ఘన పదార్థంగానే మిగులుతుంది. అందులో ఎక్కువ పొటాషియం లవణాలు. అవి గాలిలోని చెమ్మను పీల్చి మరల మధ్య చేరతాయి. పైరోడెక్స్‌లో పొటాషియం పర్‌క్లోరేట్ ఉంటుంది కాబట్టి మిగిలేవాటిలో క్లోరైడ్ ఉంటుంది, తుప్పు ఇంకా తొందర. నవంబరులో పేల్చి, 'తర్వాత చూద్దాంలే' అని వదిలేసిన తుపాకి ప్లగ్ ఆగస్టుకల్లా బ్యారెల్‌తో ఏకమైపోతుంది.

రెంచ్ పట్టకముందు బ్యారెల్ ఖాళీయా కాదా తేలాలి. రాడ్‌ను లోపలికి దించి మూతి దగ్గర వేలు పెట్టి, బయటికి తీసి బ్యారెల్ పక్కన ఆనించి చూడండి. కొస ప్లగ్ ముఖం దాకా వస్తే ఖాళీ. రెండు మూడు అంగుళాలు ముందే ఆగితే లోపల చార్జ్ ఉంది. ప్లగ్ బిగుసుకుని, చార్జ్ కూడా ఉంటే వేడి తగలనివ్వకూడదు, సుత్తి తగలనివ్వకూడదు. ప్రైమర్ లేదని చూసుకుని, సీఓటూ డిశ్చార్జర్‌తో ప్లగ్ వైపు నుంచి వాయువు పంపి తూటాను, మందును మూతి గుండా సురక్షితమైన దిక్కుకు నెట్టించవచ్చు. అది కుదరకపోతే తుపాకులు బాగుచేసే గన్‌స్మిత్‌కు ముందే ఫోన్ చేసి 'లోడ్ అయి ఉంది' అని చెప్పి, ఆయన తెమ్మన్నట్టే తీసుకెళ్లాలి.

ఖాళీ బ్యారెల్ అయితే ఓపికే సగం పని చేస్తుంది. స్కోప్, స్టాక్ విప్పేసి, మూతి నుంచి రెండు చెంచాల పెనెట్రేటింగ్ ఆయిల్ పోసి బ్యారెల్‌ను ఒక డబ్బాలో నిలబెట్టండి. రాత్రంతా ఉంచి, మర్నాడు తిరగేసి వెనుక వైపు మరల అంచున మళ్లీ నూనె వేయండి. రెండు మూడు రోజులు పట్టినా తొందరపడొద్దు. తర్వాత నూనె తుడిచేసి, బ్యారెల్ వెనుక భాగం బయటివైపు మరిగే నీళ్లు పోయండి. బ్యారెల్ ముందు వేడెక్కి కాస్త వ్యాకోచిస్తుంది, లోపలి ప్లగ్ ఇంకా చల్లగానే ఉంటుంది, ఆ క్షణంలో పట్టు సడలుతుంది. గ్యాస్ టార్చ్ మాత్రం వద్దు. నూనె అంటుకుంటుంది, ఉక్కు గట్టిదనమూ చెడుతుంది.

బ్యారెల్‌ను చెక్క ముక్కలో, మందపాటి తోలులో పెట్టి వైస్‌లో బిగించాలి. ఆ ప్లగ్‌కు కంపెనీ ఇచ్చిన సాకెట్టే వాడాలి, సుమారుగా సరిపోయేది కాదు. మొదట వెంట్రుకవాసి బిగించే వైపు కదిలించి, తర్వాత ఎడమవైపు తిప్పండి. మెల్లగా బరువు వేస్తూ పోతే హెక్స్ మూలలు అరుగుతాయి. రెంచ్ పిడి మీద రబ్బరు సుత్తితో చిన్న చిన్న దెబ్బలు వేస్తే తుప్పు పట్టు విడుతుంది. మూలలు గుండ్రంగా మారడం మొదలైందంటే అక్కడితో ఆపి గన్‌స్మిత్ దగ్గరికి పోవాలి. దాన్ని డ్రిల్ చేసి తీయడం ఇంట్లో చేసే పని కాదు.

ఊడొచ్చాక బ్లాక్ పౌడర్, పైరోడెక్స్, ట్రిపుల్ సెవెన్ మసిని వేడి నీళ్లూ గిన్నెల సబ్బుతో కడగవచ్చు, అవి నీటిలో కరిగే లవణాలు. బ్లాక్‌హార్న్ మసికి నీళ్లు వద్దు, పెట్రోలియం సాల్వెంట్ కావాలి. ఈ రెంటినీ కలగాపులగం చేయడం వల్లే చాలా బ్యారెళ్లకు తుప్పు పడుతుంది. బ్యారెల్ లోపలి మరలను పాత టూత్ బ్రష్‌తో, మూలలను పుల్ల చివర గుడ్డ చుట్టి తుడవాలి. ప్లగ్ ముఖం బ్యారెల్‌లోని గట్టుకు ఆనుకునే చోట గుంటలు పడ్డాయేమో చూడండి. అక్కడ వాయువు జారితే మసి నేరుగా మరల్లోకే చేరుతుంది, మళ్లీ బిగుసుకుంటుంది. ముఖం మీద లోతైన గుంటలుంటే ప్లగ్ మార్చడమే మేలు. అవి బ్యారెల్ గట్టు మీదే ఉంటే గన్‌స్మిత్ చూడాలి.

బిగించేటప్పుడు యాంటీసీజ్, అంటే మరలు పట్టేయకుండా పూసే గ్రీజు, కందిగింజంత చాలు. మరల చుట్టూ పలుచగా పూయాలి, ముందు ముఖం మీద, ఫ్లాష్ హోల్ దగ్గర అంటకూడదు. కొందరు టెఫ్లాన్ టేప్ రెండు చుట్లు వాడతారు, అదీ పనిచేస్తుంది. మరల చివర నుంచి చూస్తే గడియారం ముల్లు తిరిగే వైపు చుట్టాలి, లేకపోతే బిగించేటప్పుడు విడిపోతుంది. పాత గ్రీజు మీద కొత్తది పూస్తూ పోతే ఇసుకా మసీ కలిసి ముద్దవుతుంది, ప్రతిసారీ తుడిచి కొత్తగా వేయాలి. వేళ్లతో ఆగేదాకా తిప్పి, రెంచ్‌తో ఒక చిన్న పట్టు ఇస్తే సరి. సీవీఏ క్విక్ రిలీజ్ ప్లగ్, థాంప్సన్ సెంటర్ పావు చుట్టు ప్లగ్ లాంటివి వేళ్లతోనే ఊడొచ్చేలా చేశారు, వాటికి రెంచ్ అక్కర్లేదు. అవి వేళ్లకు రాకపోతే లోపల మసి పేరుకుందని అర్థం.

చలికాలంలో లోడ్ చేసిన తుపాకిని రాత్రి వెచ్చటి గదిలోకి తెస్తే బ్యారెల్ లోపల నీటి పొర పడుతుంది, తెల్లారి మందు ముద్దగా ఉంటుంది. సాయంత్రమే సురక్షితంగా అన్‌లోడ్ చేసి శుభ్రం చేసుకోవడం మంచిది. ప్రైమర్ తీసేస్తే అన్‌లోడ్ అయినట్టేనని చాలా రాష్ట్రాలు అంటాయి, కానీ అన్నీ కాదు, బండిలో పెట్టే ముందు మీ రాష్ట్రం మాట చూసుకోవాలి. సీజన్ అయ్యాక ప్లగ్‌ను శుభ్రం చేసి, కొత్త యాంటీసీజ్‌తో వదులుగా తిప్పి ఉంచి, రెండు వారాలకు ఒకసారి నూనె ప్యాచ్ ఆడించండి. ప్యాచ్ గోధుమ రంగులో వస్తే తుప్పు మొదలైంది, ఇంకోసారి పూర్తిగా కడగాలి.